నేడే ఆఖరు!

సినిమా పబ్లిసిటీలో నాకు దాదాపు అరవయ్యేళ్ళ అనుభవం ఉందంటే మా ఆవిడ నవ్వుతుంది. నవ్వితే నవ్వనివ్వండి. ఉన్నమాట అనడానికి భయమేమిటి? మొదట్లో ఒక వేసంగి సెలవులూ, ఇటీవల ఒక ఏడాదీ ఆ పని చేశాను. మధ్యలో బ్యాంకు గుమాస్తాగా గడిపిన కాలాన్ని సెలవు కింద రాసుకుంటే సర్వీసు లెక్క సరిపోతుంది.

మొదటి ఉద్యోగం సంగతి ముందు చెబుతాను. 1964లో నాకు పదకొండేళ్ళు. తెనాలికి ఆరు మైళ్ళ దూరంలో ఉన్న మా ఊరికి ఎండాకాలంలో టూరింగ్ టాకీసు వచ్చేది. పొద్దు వాలేసరికి ఒక ఎడ్లబండి బయల్దేరేది. దానికి రెండు పక్కలా తడికెలు, తడికెల మీద బొమ్మల కాగితాలు, ముందు డప్పు, లోపల మైకు. వెనకాల గులాబీరంగు కాయితాల కోసం పరుగెత్తే పిల్లలు. ఆ యేడు మైకులో అరిచే మనిషికి గొంతు పోయింది. బళ్ళో పద్యాలు రాగం తీసి చదువుతానన్న ఖ్యాతి నాకు ఉండడం చేత నన్ను బండి ఎక్కించారు. జీతం రోజుకొక నేల టిక్కెట్టు.

'మాయాబజారు' వచ్చింది. అది 1957 నాటి సినిమా. మా ఊళ్ళో సగం మంది అప్పటికే తెనాలి వెళ్ళి చూసేశారు. అందుకని మూడోరోజు డేరా ఆసామి నాకొక మంత్రం ఉపదేశించాడు. "నేడే ఆఖరు! నేడే ఆఖరు! రేపు రమ్మంటే రాదు!" మూడోరోజు ఆఖరు. నాలుగోరోజూ ఆఖరే. అలా పదకొండు రోజులు ఆఖరైంది.

ఆరోరోజున పక్క పాలెం నుంచి వచ్చిన ఒక ముసలావిడ బండికి అడ్డం నిలబడింది. "ఏరా అబ్బాయ్, మొన్న ఆఖరన్నావని, ఈనబోయే గేదెను వదిలేసి వచ్చి చూశాను. పొద్దున పోయి చూస్తే దూడ దక్కలేదు. ఇవాళ మళ్ళీ ఆఖరంటున్నావే! మీకు ఆఖరి రోజులు ఎన్నుంటాయిరా?" అంది. కోపంగా కాదు. తెలుసుకుందామన్నట్టే అడిగింది.

నేను బండి దిగిపోయానని రాస్తే బాగానే ఉంటుంది. కాని దిగలేదు. నేల టిక్కెట్టు అలాంటిది. మిగతా అయిదు రోజులూ అలాగే అరిచాను. ఆ మాట పడ్డప్పుడు పక్కన ఉన్నది మా అక్కయ్య ఒక్కతే. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మరిచిపోనూ లేదు.

ఇక రెండో ఉద్యోగం.

మా అక్కయ్య కొడుకు, అంటే నా మేనల్లుడు, హైదరాబాదులో మంచి కంప్యూటరు ఉద్యోగం మానేసి సినిమా తీశాడు. సినిమా అంటే మీరేదో అనుకునేరు. పాటలు లేవు, ఫైట్లు లేవు. ఎనభై నిమిషాలు. ఊళ్ళో చదువురాని ఆడవాళ్ళందరికీ ఉత్తరాలు చదివి పెట్టే ఒక ముసలావిడ. రాను రాను ఉత్తరాలు రావడం మానేస్తాయి. ఆవిడ పాత ఉత్తరాలే తీసి కొత్తగా వచ్చినట్టు చదవడం మొదలుపెడుతుంది. అంతే కథ. సినిమా పేరు చెప్పను. చెపితే ఇదీ పబ్లిసిటీయే అవుతుంది.

ముసలావిడగా వేసింది మా అక్కయ్యే. మిగతా వేషాలన్నీ ఊళ్ళోవాళ్ళే వేశారు. డబ్బు ఎక్కడిదంటారా? వాడు దాచుకున్నది కొంత, స్నేహితులు వేసింది కొంత, అక్కయ్య పేర ఉన్న ఎకరం బ్యాంకులో పెట్టగా వచ్చింది కొంత. మా ఆవిడ గాజులు కూడా ఒక జత ఇందులో పాత్రధారులే.

సినిమా అయ్యాక వాడు నా దగ్గరికి వచ్చి, "మావయ్యా, ఇలాంటి సినిమాని నేరుగా హాల్లో వేస్తే మూడోరోజు తీసేస్తారు. ముందు ఫెస్టివల్స్‌కి వెళ్ళాలి. అక్కడ పేరొస్తే ఇక్కడ అడుగుతారు. నీకు ఇంగ్లీషు వచ్చు, తీరిక ఉంది. కాగితాల పని నువ్వు చూడు" అన్నాడు. తీరిక ఉందన్న మాటకి మా ఆవిడ వెంటనే సాక్ష్యం చెప్పింది.

ఈ ఫెస్టివల్ వ్యవహారం పెళ్ళి సంబంధాలు చూడడం లాంటిదే సుమండీ. నెట్‌లో దరఖాస్తు పెట్టాలి. దరఖాస్తుకు రుసుము, డాలర్లలో. ముందుగా పంపితే ఒక రేటు, గడువులోగా పంపితే ఒక రేటు, గడువు దాటాక ఇంకో రేటు. అదీ అయ్యాక 'పొడిగించిన గడువు' అని మరొకటి. ఆ నాలుగో గడువు చూసినప్పుడు పాలెం ముసలావిడ గుర్తొచ్చింది. ఆఖరి రోజులు ఎన్నుంటాయో ఇన్నాళ్ళకి లెక్క దొరికింది. నాలుగు!

సినిమాతోపాటు 'ప్రెస్ కిట్' అనే మూట పంపాలి. అందులో కథ ఒక్క వాక్యంలో ఉండాలి. మళ్ళీ ఒక పేరాలో ఉండాలి. మళ్ళీ ఒక పేజీలో ఉండాలి. దర్శకుడు ఈ సినిమా ఎందుకు తీశాడో చెప్పుకోవాలి. ఫోటోలు, ట్రైలరు, పోస్టరు. చూసేవాళ్ళకి తాళంచెవి లాంటి ఒక రహస్యపు మాటతో సినిమా లింకు. కథని ఒక్క వాక్యానికి కుదించడానికి మేమిద్దరం పదిరోజులు కుస్తీపట్టాం. "నాలుగో తరగతి పిల్లలు రాస్తార్రా ఇది, సారాంశము అంటాం" అని అక్కయ్య చేట పక్కన పెట్టి రెండు నిమిషాల్లో చెప్పేసింది.

అన్నిటికన్నా చిత్రమైంది 'ప్రీమియర్' అనే మడి. పెద్ద ఫెస్టివల్స్ చాలావాటికి తామే ముందు చూపించాలని పంతం. అంతకుముందు సినిమా ఎక్కడా జనం ముందు ఆడి ఉండకూడదు. నటించినవాళ్ళకి గుట్టుగా చూపించుకుంటే ఎవరూ కాదనరు గాని, మా ఊళ్ళో గుట్టెక్కడ? అందుకని వాడు ఊరివాళ్ళకి సినిమా చూపించలేదు. వాళ్ళేమో రోజూ గుమ్మంలోకి వచ్చి, "మా బొమ్మ ఎప్పుడు పడుద్దమ్మా?" అని అడిగేవాళ్ళు. అక్కయ్యకి తల కొట్టేసినట్టుండేది.

"ఒక్కసారి బడి గోడ మీద వెయ్యరాదూ?" అంది.

"అలా వేస్తే అదే వరల్డ్ ప్రీమియర్ అయిపోతుందమ్మా."

"అయితేనేం? మన ఊరు వరల్డులో లేదా?"

"ఉంది కాబట్టే ఇబ్బంది" అన్నాడు వాడు.

ముప్ఫై ఒక్క ఫెస్టివల్స్‌కి పంపాం. ముప్ఫై చోట్లనుంచి ఎంతో మర్యాదగా లేదన్నారు. సంబంధం వద్దనుకున్నవాళ్ళు 'జాతకాలు కలవలేదండీ' అన్నట్టే, 'ఈ యేడు చాలా మంచి చిత్రాలు వచ్చాయండీ' అని జవాబు. ఒక్కచోట ఒప్పుకున్నారు. పరదేశంలో ఒక చిన్న పట్నం. పోస్టరు మీద రెండు ఆకుల రెమ్మలు, మధ్యలో ఫెస్టివల్ పేరు పెట్టుకోవచ్చునన్నారు. అది గౌరవ చిహ్నమట. "విస్తరి సగం కుట్టి వదిలేసినట్టుంది" అంది మా ఆవిడ. అన్నదే గాని, ఆ బొమ్మని ఫోనులో చూపించని ఇల్లు మా వీధిలో లేదు.

ఎంపికైతే సరిపోదన్నాడు మావాడు. పదిరోజుల్లో వందకు పైగా సినిమాలు. రాసేవాళ్ళు కొద్దిమంది. వాళ్ళు మన సినిమాకే ఎందుకు రావాలి? ఇందుకోసం పబ్లిసిస్టులని ఉంటారు. విలేఖర్లకి ఉత్తరాలు రాసి, ఫోన్లు చేసి, చెయ్యి పట్టుకుని హాల్లోకి తీసుకొచ్చే మనుషులు. వాళ్ళ ఫీజు వింటే ఇంకో ఎకరం కళ్ళముందు మెదిలింది.

ఇదేమీ తప్పు పని కాదని వాడు నాకు పాఠం చెప్పాడు. సత్యజిత్ రాయ్ అంతటివాడు కలకత్తాలో డి.జె. కీమర్ అనే ప్రకటనల కంపెనీలో బొమ్మలేసే ఉద్యోగం చేస్తూ 'పథేర్ పాంచాలి' తీశాడు. 1955 ఆగస్టులో కలకత్తాలో విడుదలైతే దాని ప్రచారం బొమ్మలు ఆయనే వేసుకున్నాడు. 1956లో కాన్ చిత్రోత్సవానికి వెళ్తే మొదటి ఆటకి న్యాయనిర్ణేతల్లోనే కొందరు రాలేదట. చూసిన విమర్శకులు కొందరు ఊరుకోక, పట్టుబట్టి మళ్ళీ ఆట వేయించారు. అప్పుడు గదా ఉత్తమ మానవ పత్రమని బహుమతి ఇచ్చింది! ఆ రెండో ఆట పడకపోతే?

మన దగ్గరా అంతే. 'మా భూమి' 1980లో వచ్చింది. ఉదయం ఆటలుగానే నెలల తరబడి ఆడింది. బి. నర్సింగరావుగారి 'దాసి' 1989లో మాస్కోదాకా వెళ్ళి యోగ్యతాపత్రం తెచ్చుకుంది. 2013లో 'షిప్ ఆఫ్ థీసియస్' వాళ్ళు పోస్టర్లకు డబ్బుల్లేక, 'మీ ఊరికి రమ్మంటారా, ఓటెయ్యండి' అని ఫేస్‌బుక్కులో జనాన్నే అడిగారు. 2018లో 'కేరాఫ్ కంచరపాలెం' అచ్చంగా మావాడి పద్ధతే. విశాఖపట్నంలో ఆ పేటవాళ్ళనే పెట్టి తీశారు. నిర్మాత అమెరికాలో డాక్టరు. న్యూయార్కు భారతీయ చిత్రోత్సవానికి ఎంపికైంది. దగ్గుబాటి రానా తన పేరు వేసి నిలబడ్డాడు. విడుదలకి ముందే పేరున్న పదిమందికీ చూపిస్తే, వాళ్ళు చెప్పిన మాటే పోస్టరైంది. 2023లో ఆస్కారు తెచ్చుకున్న 'నాటు నాటు' వెనకాల నెలల తరబడి ఎంత ప్రచారం నడిచిందో మనమంతా చూశాం. అది ఏనుగు అంబారీ. మాది మేకపిల్ల. అయినా మెళ్ళో గంట ఉండాలి గదా.

ఇంకేం, గంట కట్టడానికి ఆ దేశంలోనే ఒకాయన్ని కుదుర్చుకున్నాం. ఆయన మూడురోజుల్లో పత్రికా ప్రకటన రాసి పంపాడు. తప్పులుంటే దిద్దమని మావాడు నాకు ఇచ్చాడు.

చదివాను. ఇంగ్లీషు ముత్యాల్లా ఉంది. మా అక్కయ్య గురించి ఇలా ఉంది: ఆవిడ నిరక్షరాస్యురాలైన పల్లెటూరి వితంతువు. జన్మలో సినిమా హాలు ముఖం చూడలేదు. ఊరి పొలిమేర దాటలేదు. తాను చదవలేని ఉత్తరాలను కెమెరా ముందు చదివినట్టు నటించింది!

మా అక్కయ్య ముప్ఫై అయిదేళ్ళు ప్రాథమిక పాఠశాలలో పంతులమ్మగా చేసి 2007లో రిటైరైంది. ఊళ్ళో ఆవిడచేత తొడపాశం పెట్టించుకోని పెద్దమనిషి లేడు. సావిత్రి సినిమా ఏది అడిగినా ఏ హాల్లో చూసిందో చెబుతుంది. కాశీ, రామేశ్వరం రెండూ అయ్యాయి.

"ఏమిట్రా ఇది?" అన్నాను.

వాడు కళ్ళెత్తలేదు. "నేను చెప్పలేదు మావయ్యా. ఆయనే ఊహించుకున్నాడు. కాదని రాస్తే, 'అయితే ఇక రాయడానికి ఏముంది? విలేఖరి నా ఉత్తరంలో మొదటి వాక్యం దాటి చదవడు' అన్నాడు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. ఒక్క ఛాన్సు మావయ్యా. ఎకరం..." అని ఆగిపోయాడు.

ఆ 'ఎకరం' దగ్గర నేనూ ఆగిపోయాను. ఎవరికి నష్టం? అక్కడివాళ్ళకి అక్కయ్య తెలుసా? అక్కయ్యకి ఆ పత్రిక తెలుసా? రెండు కామాలు సరిచేసి కాగితం వాడికి ఇచ్చేశాను. అవునండీ, ఇచ్చేశాను. పదకొండేళ్ళప్పుడు దిగని బండి డెబ్భై ఏళ్ళకి దిగుతానా?

రెండు రోజులకి అసలు చిక్కు వచ్చింది. సినిమా అయ్యాక అక్కయ్య వీడియోలో ప్రేక్షకులతో మాట్లాడాలి. ముందుగా రిహార్సలన్నారు. మావాడు నీళ్ళు నములుతూ, "అమ్మా, కళ్ళజోడు తీసెయ్. బడి సంగతి ఎత్తకు. వాళ్ళేం అడిగినా కాస్త తల వంచుకుని..." అంటున్నాడు. ముప్ఫై అయిదేళ్ళ పంతులమ్మకి పిల్లాడు అబద్ధమాడుతున్నాడని తెలియడానికి ఎంతసేపు?

"ఆ కాగితం ఇటు తే" అంది.

కళ్ళజోడు తుడుచుకుంది. ఎర్రకలం తెమ్మంది. అరుగు మీద కూర్చుని మొదటినుంచీ చివరిదాకా చదివింది. మేమిద్దరం పరీక్ష తప్పిన పిల్లల్లా నిలబడ్డాం. ఒక్కో వాక్యం కిందా గీత గీసి, కొట్టేసి, అంచులో రాసింది. నిరక్షరాస్యురాలు, తప్పు. సినిమా చూడలేదు, తప్పు. పొలిమేర దాటలేదు, తప్పు. ఒక స్పెల్లింగు కూడా దిద్దింది. నేను చూడనిది! 'వితంతువు' అన్న చోటికి వచ్చి కలం ఆపింది.

"ఇదొక్కటీ నిజమే. దీన్ని ఉంచండి" అంది.

ఎవరమూ మాట్లాడలేదు. వాడు కాళ్ళ దగ్గర కూర్చుండిపోయాడు.

"పేదరాలినంటే నాకేం చిన్నతనం కాదురా. చదువు రానిదాన్నన్నా బాధలేదు. కాని నేనెవరికి ఉత్తరాలు చదివిపెట్టానో వాళ్ళు చదువు రానివాళ్ళు. వాళ్ళు నన్ను నమ్మి కాగితం చేతికిచ్చారు. అందులో లేని మాట ఒక్కటి కలిపి చదవలేదు. చావుకబురైనా ఉన్నదున్నట్టే చదివాను. వాళ్ళ కథ అమ్ముకోవడానికి నా గురించి లేనిది రాస్తారా?" అంది. తర్వాత నావైపు తిరిగి, "దూడ సంగతి గుర్తుందిట్రా?" అంది మెల్లిగా.

అరవయ్యేళ్ళు దాచుకున్న మాట. అంతే, ఇంకేమీ అనలేదు.

ఆ రాత్రి మావాడు ఆ పెద్దమనిషికి ఎర్రగీతలతో సహా కాగితం ఫోటో తీసి పంపాడు. నిజం రాస్తే రాయమన్నాం, లేకపోతే మానెయ్యమన్నాం. ఆయన మంచివాడే. క్షమించమన్నాడు. 'ముప్ఫై అయిదేళ్ళు ఊరికి ఉత్తరాలు చదివిన పంతులమ్మ' అని కొత్త ప్రకటన రాశాడు. 'దీనికి ఎంతమంది వస్తారో మాత్రం చెప్పలేను' అని కింద ఒక ముక్క చేర్చాడు.

ఎంతమంది వచ్చారో నేను చెబుతాను. రెండొందల కుర్చీల హాల్లో నలభై ఒక్కమంది. మావాడు చలిలో వరుసల దగ్గర నిలబడి పోస్టుకార్డంత కాగితాలు పంచితే వచ్చినవాళ్ళు వాళ్ళు. వాడి తాత ముత్తాతలు కాదు గాని, మేనమామ చేసిన పనే. ఇద్దరు విలేఖర్లు వచ్చి, ఒకరు మధ్యలో వెళ్ళిపోయారు. సినిమా అయ్యాక మా ఇంట్లో తెల్లవారుజామున అక్కయ్య కళ్ళజోడు పెట్టుకుని ఫోను ముందు కూర్చుంది. ఎవరో ఒకావిడ, "ఇంతకుముందు నటించని మీరు ఇంత సహజంగా ఎలా నటించారు?" అని అడిగింది. మావాడు తెలుగులో చెప్పబోయేలోపే అక్కయ్య ఇంగ్లీషులోనే జవాబిచ్చింది. "రోజూ నలభైమంది పిల్లల ముందు కోపం వచ్చినట్టు ముప్ఫై అయిదేళ్ళు నటించానమ్మా." నలభై ఒక్కమందీ నవ్వారు. మాకిక్కడికి వినిపించింది.

బహుమతి రాలేదు. స్థానిక పత్రికలో పది వాక్యాలు వచ్చాయి. అందులో 'వితంతువు' కూడా లేదు, 'పంతులమ్మ' అని మాత్రం ఉంది. ఆ పదివాక్యాలు చూసి ఇంకో రెండు చిన్న ఫెస్టివల్స్ పిలిచాయి. రుసుము లేకుండా. ఎరుపుగీతల కాగితం పంపకపోతే ఇంకా ఎక్కువ వచ్చేదా? వచ్చేదేమో. ఎకరం ఇంకా బ్యాంకులోనే ఉంది. వడ్డీ నా పెన్షన్‌లోంచి కొంత పోతోంది. మా ఆవిడ గాజుల మాట ఇంట్లో ఎత్తడానికి నేను సాహసించను.

ప్రీమియర్ మడి తీరింది గనక, వాడు తిరిగొచ్చిన వారానికి మా ఊరి బడి ఆవరణలో తెర కట్టాం. నన్నే మైకు పట్టుకోమన్నారు. ఎడ్లబండికి బదులు ఆటో. అటూ ఇటూ పోస్టర్లు, విస్తరాకుతో సహా. గొంతు మునుపటంత లేదు గాని, రాగం పోలేదు. అక్కయ్య ముందే హెచ్చరించింది. నేను నిజమే అరిచాను. "ఒక్కటే ఆట! నేడే మొదలు, నేడే ఆఖరు!" ప్రొజెక్టరు అద్దె ఒక్క రోజుకే కట్టాం మరి.

ఊరంతా వచ్చింది. పాలెం నుంచి కూడా వచ్చారు. తమ బొమ్మ పడ్డప్పుడల్లా ఈలలు. అక్కయ్య పాత ఉత్తరం తీసి చదివే చోటికి వచ్చేసరికి ఈలలు ఆగిపోయాయి. నా పక్కన కూర్చున్న ఒకావిడ, ఆ ఉత్తరం నిజంగా రాయించుకున్నావిడ, కొంగు నోట్లో కుక్కుకుంది. ఫెస్టివల్‌లో నలభై ఒక్కమంది ఏమనుకున్నారో నాకు తెలియదు గాని, నాకు బహుమతి అక్కడ అందింది.

తెల్లారేసరికి గుమ్మం ముందు జనం. పొలాలకు నీళ్ళ వంతు ఉండి రాత్రి రాలేకపోయిన వాళ్ళట. "మేం చూడలేదండీ, ఇంకొక్క ఆట వెయ్యండి" అని పట్టుబట్టారు. ప్రొజెక్టరు అద్దె వాళ్ళే చందా వేసుకుని పట్టుకొచ్చారు. కాదనలేక మావాడు ఒప్పుకున్నాడు. సాయంత్రం మళ్ళీ ఆటో ఎక్కాను. అలవాటు చొప్పున మైకు పట్టుకుని, "నేడే ఆఖరు!" అన్నాను.

అరుగు మీద కూర్చుని పత్రిక చదువుకుంటున్న అక్కయ్య కళ్ళజోడు పైనుంచి నావైపు చూసింది.

"ఒరే తమ్ముడూ, నీకు ఆఖరి రోజులు ఎన్నుంటాయిరా?"